లేని పక్షికి పెద్ద కెమెరా

కర్నూలు, కడప జిల్లాలు రెండింటిలోనూ బట్టమేక పక్షిని కెమెరాలో పట్టిన ఆఖరి మనిషిని నేనే. ఊరికే పట్టలేదు. మోకాలెత్తు గడ్డిలో బోర్లా పడుకుని, అరగంట సేపు ఒళ్ళు కదలనీయకుండా, యాభై అడుగుల దూరం నుంచి పట్టాను. అది కూడా నన్ను చూసింది. తెల్లటి మెడ నిక్కించి, నల్లటి తల కొంచెం పక్కకు వంచి, ఈ ముసలాయన వల్ల తనకేమీ కాదని తేల్చుకుని మళ్ళీ మిడతల వేటలో పడింది.

ఈ కథ నేను చాలా చోట్ల చెప్పాను. మా ఊరి టీ అంగడిలో చెప్పాను. కర్నూలులో కంటి ఆసుపత్రి వరుసలో కూర్చుని చెప్పాను. ప్రొద్దుటూరులో ఒక పెళ్ళి భోజనాల్లో, పప్పు వడ్డించేవాడు గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయేటట్టు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ పక్షి నాకు కాస్త దగ్గరకు జరిగింది. మొదట్లో రెండు వందల అడుగుల దూరంలో ఉండేది. ఆ పెళ్ళి నాటికి యాభైకి వచ్చింది. ఇంకో రెండు పెళ్ళిళ్ళు తగిలి ఉంటే నా భుజం మీద వాలి ఉండేది.

ఇప్పుడు సర్దుకుంటాను. బోర్లా పడుకోలేదు. నా మోకాళ్ళు ఆ పని మానేసి పదేళ్ళు దాటింది. చేని గట్టు మీద కూర్చుని వేయించిన శనక్కాయలు ఒలుచుకుంటున్నాను. దూరం ఫర్లాంగు పైనే. అది నన్ను చూడలేదు, చూడడానికి దానికి కళ్ళు లేవు. అది పక్షి కాదు. ఒక గొర్రెల కాపరి మధ్యాహ్నం తినడానికి కట్టుకొచ్చుకున్న సద్దిమూట.

ఆ సద్దిమూటను నేను పక్షిని చేసినందుకు ఆ కాపరి మందకు ఉన్న ఒక్క మేతబీడూ నెల రోజులు మూతపడింది. ఆ నెల రోజులూ నేను ఏం చేశానంటే, పెద్ద కెమెరా కొనాలా వద్దా అని ఆలోచించాను. ఆలోచించడమంటే మామూలుగా కాదు, మూడుసార్లు కర్నూలుకు బస్సెక్కి వెళ్ళి మరీ ఆలోచించాను. నోరు తెరిచి ఒక్క మాట చెప్పాల్సి వచ్చినప్పుడు నాలాంటివాడు ఎంత శ్రద్ధగా వేరే పని వెతుక్కుంటాడో రాద్దామని కూర్చున్నాను.

నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాను. చుట్టుపక్కల పల్లెల్లో అందరూ డాక్టర్ సారూ అని పిలిచేవాళ్ళు. కాదని నేను ఎవరికీ చెప్పలేదు. అసలు డాక్టరు సెలవులో ఉన్న రోజున ఎవరైనా నన్ను కాంపౌండర్ అని పిలిస్తే నాకు వినపడేది కాదు. దీన్ని బట్టి మీకు నా స్వభావం కొంత తెలిసే ఉంటుంది.

రిటైరయ్యాక ఒక చిన్న కెమెరా కొనుక్కున్నాను. అరచేతిలో ఇమిడేది. మీట నొక్కితే జరజరమని మూతి బయటికి సాగేది. దాంతో పొలాల వెంబడి తిరిగి పాలపిట్టలు, కముజులు, జెముడుకాకులు తీసేవాణ్ణి. మా ఊళ్ళోనే జంతుశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరరు ఒకాయన ఉన్నాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. ఆయన దగ్గర నిజమైన కెమెరా ఉంది. దాని ముందు భాగం మోచేయంత పొడుగు, నిలబెట్టడానికి మూడు కాళ్ళ స్టాండు. ఫోన్లలో పక్షుల గ్రూపు ఒకటి నడిపేది కూడా ఆయనే. అందులో రెండు జిల్లాలవాళ్ళూ ఉన్నారు. నేను గట్టు మీద కనిపించినప్పుడల్లా ఆయన పలకరింపు ఒకటే.

"ఏమప్పా డాక్టరూ, సబ్బుపెట్టె తెచ్చినావా?"

నా కెమెరాకు ఆయన పెట్టిన పేరు అది. నలుగురిలోనూ అనేవాడు. గ్రూపులో నేను ఏ పిట్ట బొమ్మ పెట్టినా కింద ఒక సబ్బు బొమ్మ పెట్టేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వుతూ ఒక్కొక్కటీ లోపల దాచుకునేవాణ్ణి.

బట్టమేక పక్షి గురించి తెలియనివాళ్ళకు చెప్పాలి. మా వైపు బీళ్ళలో ఒకప్పుడు తిరిగిన పెద్ద పక్షి అది. మేకపిల్లంత ఎత్తు ఉంటుంది. తల మీద నల్ల టోపీ పెట్టినట్టు, మెడ తెల్లగా, వీపు మట్టిరంగులో ఉంటుంది. మా నాయన కాలంలో చేలల్లో దిగితే పిల్లలు రాళ్ళు విసిరేవాళ్ళట. ఇప్పుడు ఎవరి కంటా పడటం లేదు. ఎక్కడైనా కనిపించిందంటే అటవీశాఖ అధికారులు జీపులో వచ్చి వాలిపోతారు. లెక్చరరు పన్నెండేళ్ళుగా దాని కోసం ఆ పెద్ద కెమెరా మోసుకుని తిరుగుతున్నాడు.

నాలుగు వానలు పడి గడ్డి లేచిన రోజులు. శ్రీశైలం గేట్లు ఎత్తారని లెక్చరరు ఇంటిల్లిపాదినీ తీసుకుని అటు పోయాడు. నేను ఒక్కణ్ణే కోయిలకుంట్ల దోవలో ఉన్న బీడు వైపు నడిచాను. వాన వెలిసిన మధ్యాహ్నం, నేల నుంచి ఆవిరి లేచి దూరపువన్నీ నీళ్ళలో ఉన్నట్టు ఊగుతున్నాయి. బీడులో మనిషన్నవాడు లేడు. గొర్రెలు ఎక్కడో గుట్ట వాలులో ఉన్నట్టున్నాయి, మెడగంటలు మాత్రం వినపడుతున్నాయి. శనక్కాయలు ఒలుచుకుంటూ తలెత్తేసరికి గడ్డి మీద ఒకటి నిటారుగా నిలబడి ఉంది. నల్లటి తల, తెల్లటి మెడ, మట్టిరంగు వీపు. గుండె ఆగినంత పనైంది. కెమెరా మూతి సాగినంత దూరం సాగదీసి, మూడు బొమ్మలు తీశాను. కెమెరా తెరను ఫోనుతో ఇంకో ఫోటో తీసి అక్కడి నుంచే గ్రూపులో పెట్టాను. కింద ఒకే మాట రాశాను: బట్టమేక.

ఇంటికి వెళ్ళి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తుంటే మా ఆవిడ వెనక నుంచి వచ్చింది. ఒక చేతిలో కొత్తిమీర కట్ట ఉంది.

"ఎవరిదది సద్దిమూట?" అంది.

అప్పుడు చూశాను. గడ్డిలో పాతిన కర్ర. కుక్కలకు, చీమలకు అందకుండా మా వైపు కాపర్లు కర్ర కొనకు సద్దిమూట కట్టి, కింద కంబళి కప్పి మందతో పోతారు. తెల్లగుడ్డలో కట్టిన మూటే మెడ. చినుకులకు తడవకుండా పైన చుట్టిన నల్ల ప్లాస్టిక్ కవరు తల. కంబళి వీపు. ముడి దగ్గర గుడ్డ చెంగులు రెండు కుందేలు చెవుల్లా పైకి లేచి ఉన్నాయి. పక్షికి అట్లాంటి చెవులు ఉండవని పశువుల ఆసుపత్రిలో పని చేసినవాడికి తెలియాలి.

"గ్రూపులో పెట్టినావా ఏంది?" అంది మా ఆవిడ.

"పెడితి."

"తీసెయ్ మల్ల."

తీసేద్దామనే ఫోను పట్టుకున్నాను. అప్పటికే గ్రూపు తిరునాళ్ళలాగా ఉంది. కడప నుంచి ఒకాయన దండాల బొమ్మలు పెట్టాడు. ముఖం తెలియనివాళ్ళు అభినందించారు. శ్రీశైలంలో ఉన్న లెక్చరరు కూడా రాశాడు. "బొమ్మ మసకగా ఉంది. కానీ తల, మెడ స్పష్టం. ఇంత కాలానికి. చాలా గొప్ప పని సార్."

సార్ అని రాశాడు. సబ్బు బొమ్మ పెట్టలేదు. ఆ సార్ అనే మాటను నేను ఒకటికి నాలుగుసార్లు చదువుకున్నాను. రేపు చెబుదాంలే అనుకుని ఫోను బోర్లా పెట్టాను.

మర్నాడు అది పేపర్లో వచ్చింది. మూడో రోజున జీపు వచ్చింది. వచ్చినవాళ్ళు మర్యాదస్తులే. నన్ను వెంట తీసుకుని బీడుకు వెళ్ళారు. ఎక్కడ చూశారు అంటే చెయ్యి చాపి చూపించాను. ఎంత సేపు ఉంది అంటే పది నిమిషాలు అన్నాను. ఎటు పోయింది అంటే, పడమటి గుట్ట వైపు నడిచి పోయింది అన్నాను. ఎగరలేదా అని అడిగారు. అది ఎగరడానికి తొందరపడదు సార్ అన్నాను. వాళ్ళు అన్నీ రాసుకున్నారు. గుడ్లు పెట్టే కాలం కాబట్టి సంగతి తేలేదాకా బీడులోకి గొర్రెలను తోలకూడదని చెప్పి, తాడు కట్టి, ఇద్దరు కాపలావాళ్ళను పెట్టి పోయారు.

వేరే కాలమైతే కొంత నయం. కోతలైపోయిన చేలల్లో మంద ఎక్కడైనా మేస్తుంది. వానాకాలంలో చేలన్నీ పత్తి, కొర్ర, కందితో నిండి ఉంటాయి. గొర్రె మూతి పెడితే రైతు కర్ర తీస్తాడు. అప్పుడు బీడు ఒక్కటే దిక్కు. ఇదంతా ఎవరికి తెలియకపోయినా నాకు తెలుసు. ఆ కాపరి మందకు ఇరవై ఏళ్ళు సూదులు వేసినవాణ్ణి నేను.

వారం దాటాక ఒక పొద్దున అతను మా ఇంటికి వచ్చాడు. నడిమి వయసు మనిషి, పొడుగ్గా, ఎండకు మాడి ఉంటాడు. అరుగు కింద నిలబడ్డాడు. పైకి రమ్మంటే రాలేదు.

"సారూ, ఆ పక్షి ఎప్పుడు పోతాది?"

"యాడికి పోవాలప్పా?"

"యాడికన్నా. అది పోతే మాకు బీడు ఇడుస్తామన్యారు."

"పక్షి గదా. దాని ఇష్టం."

"అది ఏం తింటాది సారూ?"

"మిడతలు, పురుగులు."

"నేను మిడతలు పట్టుకొచ్చి ఆ గుట్టకవతల యేస్తే ఆడికి పోదా?"

నేను నవ్వాను. అతను నవ్వలేదు. నా ముఖం కేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఇన్నేండ్లు ఆడనే ఉండాము. మాకు ఒక్కనాడు కనపళ్ళేదు. నీకెట్ల కనపడె సారూ?"

"నా చేతిలో కెమెరా ఉండాది గదప్పా."

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. అతను తల ఊపాడు. చూడి గొర్రెలు చిక్కిపోతున్నాయని చెప్పాడు. నేను లోపలికి పోయి పాత బీరువాలో మిగిలిన బలం పొడి పొట్లాలు నాలుగు తెచ్చి ఇచ్చాను, తాగే నీళ్ళలో కలపమన్నాను. అతను కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చాను. మా ఆవిడ తలుపు వెనకే ఉంది. ఆ రోజు నాకు అన్నం పెట్టి తను వేరే గదిలో కూర్చుని తినింది.

అప్పుడు వచ్చింది పెద్ద కెమెరా సంగతి. లెక్చరరే తెచ్చాడు.

"సార్, ఒక్క బొమ్మ చాలదంటాండారు పైవాళ్ళు. ఇంకోటి కావాల, తేటగా. ఇప్పుడన్నా నిజమైన కెమెరా కొను. అది నీ కంట్లో పడింది, మల్ల నీ కంట్లోనే పడతాది."

నాకు ఈ మాట భలే నచ్చింది. నేను దాన్ని తిప్పి నాకు అనుకూలంగా కుట్టుకున్నాను. పెద్ద కెమెరా కొంటాను. వారం పాటు బీడులో కాపలా కూర్చుంటాను. అంగుళం అంగుళం తీస్తాను. ఎక్కడా పక్షి లేదు. అప్పుడు అందరి ముందూ పెట్టి, అయ్యా, నా కొత్త కెమెరాలో ఏమీ దొరకలేదు, పాత బొమ్మ మసక వల్ల పొరపాటు జరిగిందేమో అంటాను. బీడు తెరుచుకుంటుంది. తప్పు సబ్బుపెట్టెది అవుతుంది. నేను సార్ గానే ఉంటాను. ఇంత గొప్ప ఆలోచన చేసినందుకు నాకు నా మీద గౌరవం కూడా కలిగింది.

మా ఆవిడతో చెప్పాను.

"లేనిదాన్ని ఫోటో తీసేకి అంత పెద్ద కెమెరా యాల?" అంది.

కర్నూలులో కెమెరాల అంగడాయన నవ్వుముఖం మనిషి, ముస్లిం. నన్ను చూడగానే కుర్చీ తుడిచాడు. "కూర్చో పెద్దాయనా. పక్షులకా? దానికి ఫికర్ లేదు," అంటూ ఒకటి తీసి నా మెడలో వేశాడు. మెడకు దూడను కట్టినట్టుంది. వీధికి అవతల మూడో అంతస్తు పిట్టగోడ మీద పావురం కూర్చుని ఉంది. తీయమన్నాడు. తీశాను. తెర మీద పెద్దది చేసి చూపించాడు. మెడ మీద ఆకుపచ్చ నిగనిగ, ముక్కు మీద సున్నం లాంటి మచ్చ, కంటి చుట్టూ ఎర్రటి గీత. ఇంకా పెద్దది చేశాడు. పావురం కాలి వేలికి ఒక దారప్పోగు చిక్కుకుని ఉంది.

"చూసినావా? దీంట్లో అబద్ధం చెప్పేకి కుదరదు పెద్దాయనా. ఉండేది ఉన్నెట్ల చూపిస్తాది," అన్నాడు.

అతను తన సరుకును పొగుడుకున్నాడు, అంతే. నాకు చెవులు వేడెక్కాయి. ఆ రోజు బీడులో నా చేతిలో ఈ కెమెరా ఉండి ఉంటే మూట ముడి కనిపించేది. కర్ర మీద బెరడు కనిపించేది. మూట లోపల జొన్నరొట్టె ఉందో సంగటి ఉందో కూడా చెప్పేదేమో. నన్ను సార్ చేసింది నా చిన్న కెమెరా మసక. నేను ఇన్నేళ్ళు చెప్పిన కథలన్నీ ఆ మసకలోనే బతికాయి. ఈ పెద్దదాన్ని ఇంట్లోకి తెస్తే ఇక నేను ఏం మాట్లాడాలి?

బరువుగా ఉందన్నాను. మళ్ళీ వస్తానన్నాను. మళ్ళీ వెళ్ళాను. రెండోసారి బ్యాటరీ ఎంత సేపు వస్తుందని అడిగాను. మూడోసారి వానలో తడిస్తే ఏమవుతుందని అడిగాను. ఒక్కోసారీ అతను అదే ఓపికతో చెప్పాడు, టీ తెప్పించాడు. ఇంట్లో మా ఆవిడ నా చెప్పుల చప్పుడు విని అనేది.

"కెమెరాను చూసేకి ఇన్ని తూర్లు పోతాండావు. నన్ను చూసేకి ఒక్కతూరే గదా వస్తివి."

మూడోసారి తిరిగి వస్తున్న బస్సులో నేను కిటికీ పక్కన కూర్చున్నాను. మా ఊరు ఇంకో ఐదారు మైళ్ళు ఉందనగా బస్సు ఆగింది. తారురోడ్డు నిండా గొర్రెలు. రోడ్డంచున లారీల దుమ్ము పట్టిన పిడికెడు పిడికెడు గడ్డిని కొరుక్కుంటూ వస్తున్నాయి. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ముందు కాపరి కర్ర అడ్డం పెట్టి మందను పక్కకు ఒత్తుతున్నాడు. వెనక అతని భార్య, చంకలో అప్పుడే పుట్టినట్టున్న గొర్రెపిల్ల. రోడ్డు మీదే ఈని ఉంటుంది తల్లి. ఆ పిల్ల తల ఆమె మోచేతి మీద వేలాడుతోంది.

"రోడ్డంతా మీదేనా?" అని డ్రైవరు తిట్టాడు.

బస్సులో ఎవరో అన్నారు, "వాళ్ళేం జేస్తారప్పా, బీడు మూసేసిరి. ఏదో పక్షి వచ్చిండాదంట."

నా వెనక సీటతను లేచి నా భుజం తట్టాడు. "ఏదో పక్షేంది, బట్టమేక. ఫోటో తీసింది మా డాక్టర్ సారే. ఈయనే."

నలుగురు తిరిగి చూశారు. ఒకామె తన పిల్లవాడికి నన్ను చూపించింది. ఒక పెద్దాయన చెయ్యి చాపితే కలపక తప్పలేదు. ఆ చెయ్యి నా చేతిలో ఉండగానే కాపరి భార్య సరిగ్గా నా కిటికీ కింద నుంచి నడిచింది. నేను తల లోపలికి లాక్కుని తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నట్టు కప్పుకున్నాను. మంద దాటేదాకా అట్లాగే ఉన్నాను. దుమ్ము పడిందా సార్ అని వెనక సీటతను అడిగాడు. అవునన్నాను.

మర్నాడు పొద్దున్నే లెక్చరరు ఇంటికి పోయాను. ఆయన మూడు కాళ్ళ స్టాండుకు నూనె పెట్టుకుంటున్నాడు. నేను నిలబడే చెప్పాను. పక్షి కాదు, సద్దిమూట అన్నాను. కంప్యూటర్లో చూసినప్పటి నుంచీ తెలుసు అన్నాను. ఆయన నూనె గుడ్డను మడిచి పక్కన పెట్టాడు.

"సబ్బుపెట్టె అన్నందుకా?" అన్నాడు.

నేను తువ్వాలు ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాను.

"పన్నెండేండ్లు తిరిగినాను. నీ ఫోటో చూసి శ్రీశైలంలో గుడి మెట్ల మీద కూచోని ఏడ్చినా తెలుసునా?" అని, స్టాండు కాళ్ళు ముడుస్తూ, "పెద్ద కెమెరా కొనబాక. నీకు అక్కర్లేదు," అన్నాడు.

నాకు కోపం రాలేదు. ఆయన నా ఎదుటే ఫోను తీసి అధికారులకు చెప్పాడు. గ్రూపులో ఆయన రాసిన రెండు ముక్కల్లో నా పేరు లేదు. నన్ను గ్రూపు నుంచి తీసేయలేదు కూడా. తీసేసి ఉంటే కొంచెం తేలికగా ఉండేది. నాలుగు రోజులకు తాడు విప్పారు, కాపలావాళ్ళు పోయారు.

ఇంకో పని మిగిలింది. ఊరి బయట ముళ్ళకంప కట్టిన దొడ్డికి వెళ్ళాను. పొద్దున పూట, మందను ఇంకా విప్పలేదు. కాపరి ఒక గొర్రె గిట్టలో ముల్లు తీస్తున్నాడు. అతని భార్య గొర్రెపిల్లలను ఒక్కొక్కదాన్నీ పాలకు తల్లుల కిందికి వదులుతోంది. నన్ను చూసి అతను లేచి తలగుడ్డ విప్పాడు. ఆమె లేవలేదు.

నేను చెప్పాను. ఇక్కడ రాసినట్టే చెప్పాను. దూరం వల్ల మోసపోయానని, ఆవిరిలో ఊగుతూ నిజంగా పక్షిలాగే ఉందని, గుండె ఆగినంత పనైందని చెప్పాను. ఇంటికి పోయి కంప్యూటర్లో చూశాకే మీ సద్దిమూట అని తెలిసిందని, అప్పటికే గ్రూపులో పెట్టేశానని, ఆ తర్వాత నోరు రాలేదని, అదే నా తప్పని చెప్పాను. ఆ క్షణంలో నేను చెబుతున్నదంతా నేనే నమ్మాను.

కాపరి నేల చూపులు చూస్తూ, "పోనీలే సారూ, అయిపోయిండాది," అన్నాడు.

ఆమె చేతిలోని పిల్లను కింద దించింది. నా వైపు తిరిగింది.

"ఇంటికి పోయినాక కాదు సారూ. ఆపొద్దు నేను నీళ్ళబిందెతో నీ పక్కన గట్టు మీదనే పోతాంటి. నువ్వు కెమెరా పెట్టి చూస్తాంటివి. 'ఏం తీస్తాండావు సారూ, అది మా సద్దిమూట గదా' అని నేను చెప్తి. 'నాకు తెలుసులేమ్మా, ఒక్క నిమిషం ఆడనే నిలబడు, అడ్డం రాబాక' అంటివి. నిలబడితి. నువ్వు నవ్వుకుంటా తీస్తివి. జీపోళ్ళకు ఈ మాట చెప్తే, మీరు బీడు కోసం అబద్ధాలు చెప్తాండారు, డాక్టర్ సార్ చెప్పేది అబద్ధమా అన్యారు. ఈయన నీ అరుగు కాడికొచ్చి పక్షి ఎప్పుడు పోతాదని అడిగింది, తెలీక గాదు. నీ నోటితో నువ్వే చెప్తావేమో అని. నువ్వు పొడి పొట్లాలు ఇచ్చి పంపిస్తివి."